పళ్ళెం మా వరసకు వచ్చినప్పుడు

ఇంత చలిలోనూ మనల్ని ఈ చర్చికి నడిపించుకొచ్చిన దేవునికి స్తోత్రం, మీ అందరికీ నా వందనాలు. సాక్ష్యాలు మామూలుగా ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం అయిపోయాక చెప్పిస్తారు కదా, ఈ ఒక్కసారి బల్లకు ముందే చెప్పనివ్వమని పాస్టర్ గారిని నేనే అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు, అది ఆయన మంచితనం. చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

నా పేరు విమల. మాది నరసాపురం దగ్గర. అమెరికాలో ఈ అరోరా ఊరికి వచ్చాక మీలో చాలామందికి నేను తెలుసు, కొత్తగా వచ్చిన కుటుంబాలకు తెలియకపోవచ్చు. కిటికీ పక్క వరసలో నీలం స్వెటర్ వేసుకుని తల వంచుకుని కూర్చున్నారే, ఆయనే మా ఆయన జయరాజు గారు. నేను షామ్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, అంటే ఎవరైనా వచ్చి అంతా బాగానే ఉందని చెప్తే, బాగాలేనిది ఎక్కడ నక్కి ఉందో వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని ఆఫీస్‌లో వదిలేసి ఇంటికి రావడం నాకు ఎన్నడూ చేతకాలేదు. ఇక్కడ నిలబడి సాక్ష్యం చెప్పినవాళ్ళు జబ్బు నుంచి, అప్పుల నుంచి, తాగుడు నుంచి విడుదల పొందామని చెప్పారు, విని మనమంతా కన్నీళ్ళు పెట్టుకున్నాం. నా జబ్బు ఏ స్కాన్‌లోనూ కనపడేది కాదు. దాని పేరు అనుమానం, అది నన్ను లోపలి నుంచి తినేసింది సహోదరులారా!

పోయిన వేసవిలో ఒక నెల, బల్ల ఉండే మొదటి ఆదివారం, ఆ వరసలోనే మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. రొట్టె పళ్ళెం వచ్చింది. మా ఆయన దాన్ని అందుకుని ముక్క తీయకుండానే నా చేతికిచ్చారు. పరధ్యానంలో ఉన్నారేమో అనుకున్నాను. తర్వాత ద్రాక్షరసం పోసిన చిన్న చిన్న గిన్నెల పళ్ళెం వచ్చింది, దాన్నీ అలాగే, ఒలికిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకుని నాకు దాటించేశారు. వెనక వరసలో ఎవరో దగ్గారు, ఆ దగ్గు దగ్గు కాదని నాకు అప్పుడే అర్థమైంది.

బల్ల వదిలేయడమంటే మనలో ఏమిటో మీకు నేను చెప్పాలా! లోపల పాపం పెట్టుకున్నవాడే ముట్టడానికి జంకుతాడంటాం. తాగి పడిపోయినవాణ్ణయినా రెండు వారాలకు మరిచిపోతాం గాని బల్ల వదిలేసినవాణ్ణి మరిచిపోం. నా చిన్నప్పుడు మా ఊరి సంఘంలో ఒక పెద్దాయన, కమిటీలో ఉన్నాయన, ఒక ఆదివారం ఇలాగే పళ్ళెం దాటించాడు, మా అమ్మ ఆ సాయంత్రమే పెరట్లో పక్కింటావిడతో గుసగుసలాడింది, ఆ వారం తిరక్కుండానే ఆయనకు పాలకొల్లులో ఇంకో సంసారం ఉందని ఊరంతా తెలిసిపోయింది. ఆ రోజు నుంచి నా బుర్రలో ఒక లెక్క స్థిరపడిపోయింది. మగవాడు బల్ల వదిలాడంటే దాని వెనక ఒక ఆడది ఉంటుంది. నేను అమెరికా వచ్చాను, ఆ లెక్క కూడా నాతోనే విమానం ఎక్కి వచ్చింది.

ఆరాధన అయ్యాక కింద హాల్లో సమోసాల దగ్గర రూతమ్మ ఆంటీ నా పక్కకి వచ్చారు. "ఏమ్మా విమలా, అయ్యగారికి ఒంట్లో నలతగా ఉందా?" అని అడిగారు.

"గొంతు నొప్పి ఆంటీ," అన్నాను.

"ద్రాక్షరసం గొంతుకి మంచిదే కదమ్మా," అని చిన్నగా నవ్వి టీ కప్పు పట్టుకుని వెళ్ళిపోయారు. ఆంటీ, మీరు ముందు వరసలోనే ఉన్నారు, నవ్వుతున్నారు, మీ మీద నాకు కోపమేమీ లేదు. నేనైనా అదే మాట అనేదాన్ని.

కార్‌లో అడిగాను. "ఎందుకు తీసుకోలేదండీ?"

"తీసుకోవాలనిపించలేదు విమలా," అన్నారు. సిగ్నల్ పడింది, కారు పోనిచ్చారు. అంతే. సంసారం మొదలైన దగ్గర నుంచీ ఈయన కడుపులో ఒక్క మాట దాగేది కాదు, కూరలో ఉప్పు తక్కువైతే వీధి చివరిదాకా వినపడేది. అలాంటి మనిషి ఆ ఒక్క మాటతో ఊరుకుంటే నాకు నిద్ర ఎలా పడుతుంది చెప్పండి!

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. మా ఆయనకు ఒక్కడే తమ్ముడు, ప్రసాద్, రాజమండ్రిలో ఉండేవాడు. అతనికి పెద్ద జబ్బు చేసినప్పుడు ఈయనకు సెలవు దొరక్క, ప్రయాణం కుదరక, రోజూ ఫోన్‌లోనే ప్రార్థన చేసేవారు, అక్కడ ఆస్పత్రిలో ఫోన్ స్పీకర్‌లో పెట్టి ప్రసాద్ చెవి దగ్గర ఉంచేవారు, ఇక్కడ ఈయన గది తలుపు వేసుకుని గొంతు పోయేలా ప్రార్థించేవారు. మన సంఘమంతా ఉపవాసం ఉండింది, మీకు గుర్తుండే ఉంటుంది. ప్రసాద్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొన్ని నెలలకు మా ఆయన ఉద్యోగం సగానికి తగ్గించుకుని, నేను బైబిలు వేదాంతం చదువుతాను, పాస్టర్లను తయారుచేసే సెమినరీలో చేరతాను అన్నారు. అందరూ దేవుని పిలుపు అన్నారు, అప్పటి నుంచే పాస్టర్లను పిలిచినట్టు అయ్యగారూ అని పిలవడం మొదలుపెట్టారు. నేనూ మురిసిపోయాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ సెమినరీ ఇక్కడి నుంచి పడమటి వైపు, మొక్కజొన్న చేల మధ్య ఉంటుంది. మెథడిస్టు శాఖవాళ్ళది. మన సంఘంలో గుంటూరు వైపు లూథరన్లున్నారు, ఒంగోలు వైపు బాప్టిస్టులున్నారు, మెథడిస్టులంటే హైదరాబాద్, మెదక్ వైపు వాళ్ళు కదా, మనకెందుకు అని కొందరు అన్నారు. మన పెద్దలు శామ్యూల్ గారైతే నాతో సూటిగానే చెప్పారు. "అమ్మా, అలాంటి చోటికి విశ్వాసంతో వెళ్తారు, డిగ్రీతో వస్తారు. కనిపెట్టుకుని ఉండు."

కనిపెట్టుకుని ఉండమని నాకు వేరే ఎవరైనా చెప్పాలా! మొదటిసారి ఆయనతో వెళ్ళి చూసినప్పుడే ఆ ఎర్ర ఇటుకల భవనం నాకు నచ్చలేదు. లోపల గోడ మీద గుర్రం మీద వానలో తడుస్తూ పోతున్న ప్రసంగీకుడి పెద్ద బొమ్మ ఉంది, కింద కుర్చీలు సగం ఖాళీగా ఉన్నాయి. ఒకప్పుడు గదులు చాలేవి కావట, ఇప్పుడు ఒక వైపు భాగం డేకేర్‌కు అద్దెకిచ్చారట. కొరియా వాళ్ళు, ఆఫ్రికా వాళ్ళు, టోంగా దీవుల వాళ్ళు, నల్లజాతి పెద్దలు, తెల్లవాళ్ళు, అందరూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తున్నారు. ఒక ముసలి ప్రొఫెసర్ నాకు చెయ్యిచ్చి, పేరయినా అడక్కుండా, "మీ ఆత్మ ఎలా ఉంది?" అని ఇంగ్లీషులో అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. నా ఆత్మ సంగతి నీకెందుకయ్యా! అది వాళ్ళ ఆచారమని, మెథడిస్టులు మొదటి నుంచీ చిన్న చిన్న గుంపులుగా కూర్చుని వారం వారం ఒకరినొకరు ఈ ప్రశ్నే అడుగుతారని, అక్కడ విన్న మాట బయటికి తీసుకుపోరని మా ఆయన చెప్పారు. నేను మాత్రం ఆ చివరి ముక్క పట్టుకున్నాను. బయటికి రాకూడని మాటలు ఎందుకు మాట్లాడుకుంటారు?

బల్ల వదిలేసిన తర్వాత నా కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. గురువారం ఆయన క్లాసు మధ్యాహ్నమని సెమినరీ వెబ్‌సైట్‌లో ఉంది, ఈయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవారు. ఎక్కడికంటే చిన్న మీటింగ్ అనేవారు. కుటుంబ ప్రార్థనలో ఈయన గొంతు వినపడి ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తుకొచ్చింది, ఎప్పుడు మోకాళ్ళూనినా "నువ్వు చెయ్యి విమలా" అనేవారు, అది నా మీద గౌరవమనుకుని నేను పొంగిపోయి మరీ గట్టిగా చేసేదాన్ని. ఒకరోజు గరాజ్‌లో కార్ దిగకుండా ఫోన్ మాట్లాడుతున్నారు, బట్టల బుట్ట పట్టుకుని నేను తలుపు వెనక నిలబడ్డాను. "థాంక్యూ లొరెట్టా," అంటున్నారు. "ఐ కెనాట్ సే దిస్ ఎట్ హోమ్." ఇంట్లో చెప్పలేనట! లొరెట్టా!

కాలేజీలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి అటూ ఇటూ తిప్పి ఆరా తీశాను, డాడీ నీతో ఏమైనా చెప్పారా అని. అది ఒక్క క్షణంలో పట్టేసింది. "మమ్మీ, నువ్వు డాడీని అడుగు. జస్ట్ అడుగు. వై ఆర్ యూ స్పయింగ్ ఆన్ హిమ్?" అంది. పిల్లలకు ఏం తెలుసులే అని పెట్టేశాను.

అడగలేదు, ప్రార్థన చేశాను. ఎలాంటి ప్రార్థన అనుకున్నారు! "ప్రభువా, చీకట్లో ఉన్నదాన్ని వెలుగులోకి లాక్కురా! దాచినదాన్ని బట్టబయలు చెయ్యి! ఆ లొరెట్టా ఎవత్తయినా సరే, దాని నడక ఆపు తండ్రీ, దాని కాళ్ళకు అడ్డం పడు!" అని నేలను గుద్ది మరీ అడిగాను. అది చాలక, మన శుక్రవారం కాన్ఫరెన్స్ కాల్ ప్రార్థనలో మనవి పెట్టాను. పేరు చెప్పలేదు లెండి! ఒక సహోదరుడు, సేవకు సిద్ధపడుతున్నవాడు, శోధనలో ఉన్నాడు, ఆయన ఇంటి కోసం ప్రార్థించండి అన్నాను. మన సంఘంలో సేవకు సిద్ధపడుతున్న సహోదరుడు ఒక్కడే ఉన్నాడని నాకు కాల్ పెట్టేశాక గాని తట్టలేదు. శాన్ రామన్‌లో ఉన్న మా పిన్ని కూతురు కూడా ఆ కాల్‌లో ఉండింది, మర్నాటికల్లా "అక్కా, బావగారు బానే ఉన్నారా?" అని మెసేజ్. శామ్యూల్ గారు ఫోన్ చేసి శనివారం పెద్దలు మా ఇంటికి వస్తారని, జయరాజు గారితో కూర్చుని తేల్చుకోవాలని, తేలేదాకా ఆయన వాక్యం చెప్పకపోవడం మంచిదని అన్నారు. ఆ మాట మా ఆయనకు నేను చెప్పాల్సి వచ్చింది. ఆయన విన్నారు, సరే అన్నారు, నా వైపు చూడను కూడా లేదు.

శనివారానికి ముందు గురువారం వస్తుంది కదా. పెద్దలు వచ్చేలోగా నిజం నా చేతిలో ఉండాలనుకున్నాను. ఆ గురువారం సెమినరీ పుట్టినరోజు, ప్రేమవిందు ఉంది, అందరూ రావచ్చు అని వెబ్‌సైట్‌లో ఉంది. సిక్ లీవ్ పెట్టి, ఆయన వెళ్ళిన కాసేపటికి నేనూ డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను, దారి పొడుగునా ఎండిపోయిన మొక్కజొన్న, లోపల నేను ఆ లొరెట్టాతో అనబోయే మాటలు. వాళ్ళ ప్రార్థనా మందిరం, ఆ చేపెల్ గుమ్మంలో తచ్చాడుతుంటే ఒక కొరియా అమ్మాయి చంకలో పాపతో వచ్చి, రండి రండి అని చెయ్యి పట్టుకుని వెనక వరసలో కూర్చోబెట్టింది. నేను స్తంభం చాటుకు జరిగాను. మా ఆయన ముందు వరసలో ఉన్నారు. ఆయన పక్కన ఒక ఆడ మనిషి వీపు కనపడుతోంది.

డీన్ గారు లేచి ఆ చోటు కథ చెప్పారు. ఒకప్పుడు అక్కడ గడ్డి మైదానాలు తప్ప ఏమీ లేవట, గుర్రాల మీద తిరిగే ప్రసంగీకులు ఒక రైతు వంటింట్లో నలుగురిని పోగుచేసి బైబిలు చెప్పడం మొదలుపెడితే అదే ఈ సెమినరీ అయిందట. అభిషేకం పొందిన పాస్టరు ఆ దారిన ఏడాదికి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడట, ఆయన వస్తేనే ప్రభు సంస్కారం, అంటే మన బల్ల. ఆయన రాని నెలల్లో ఆ జనం ఏం చేసేవారంటే, మామూలు రొట్టె, మామూలు నీళ్ళు పెట్టుకుని చుట్టూ కూర్చుని, గిన్నె ఒకరి చేతి నుంచి ఒకరికి ఇచ్చుకుంటూ, నీ ఆత్మ ఎలా ఉందని ఒకరినొకరు అడిగేవారట, ప్రేమవిందంటే అదేనట. "ఇది ప్రభు బల్ల కాదు, దానికి బదులూ కాదు," అన్నారాయన. "ఆ బల్ల దాకా నడవలేనివాళ్ళు దారిలో కూర్చుని తాగే నీళ్ళు."

నేను సగమే విన్నాను. మాటలు బాగానే ఉన్నాయి, మాటలు ఎవరికైనా బాగానే వస్తాయి. నా చూపంతా ఆ వీపు మీదే ఉంది. ఆవిడ లేచింది. సహోదరీలారా, ఆవిడ చక్రాల నడక బండి పట్టుకుని లేచింది! నెరిసిన జుట్టు, మా అమ్మ కంటే పెద్ద వయసు, నల్లజాతి పెద్దావిడ, ఒక్కో అడుగు వెయ్యడానికి ఆయాసపడుతోంది. డీన్ గారు ఆవిణ్ణి లొరెట్టా అని పిలిచారు. నడక ఆపమని నేలను గుద్ది అడిగింది నేనే కదా, దేవుడు నా ప్రార్థన విన్నాడేమోనని ఒక్క క్షణం నిజంగానే భయమేసింది!

ఆ భయం ఎంతోసేపు నిలవలేదు. లొరెట్టా గారు రెండు పిడులున్న ఒక పాత మట్టి గిన్నె ఎత్తి, తాను ఒక గుక్క తాగి, మా ఆయనకిచ్చారు. మా ఆయన తీసుకుని తాగారు! ఆడ మనిషి అనుమానం పోయిన చోట ఇంకో అనుమానం వచ్చి కూర్చుంది. మన బల్ల దగ్గర క్రీస్తు గిన్నెను దాటించిన మనిషి వీళ్ళ గిన్నె తాగుతున్నాడంటే ఇదేదో దుర్బోధ, మనిషిని మన నుంచి కోసుకుపోతున్నారు, శామ్యూల్ గారు చెప్పింది నిజమే అని నా లోపల మంట లేచింది.

గిన్నె వరస వరసా దాటుకుంటూ వెనక్కి వచ్చింది. కొరియా అమ్మాయి తాగి నాకిచ్చింది. వద్దంటే అందరూ చూస్తారు, తాగుదామంటే ఆ అంచుకు ఎందరి పెదవులు తగిలాయో, ఆ నీళ్ళలో ఏముందో. మనకు అలవాటే కదా, గిన్నె పైకెత్తి, తల వెనక్కి వంచి, పెదవి తగలకుండా నోట్లోకి పోసుకున్నాను. మన ఇంట్లో గ్లాసయితే సరిగ్గా వస్తుంది. అది బరువైన మట్టి గిన్నె, రెండు పిడులది, ఒక్కసారిగా వంగింది. ముఖం మీద, మెడ మీద, కొత్త కుర్తా మీద నీళ్ళు! పొలమారింది, దగ్గు, పక్కన పాప ఏడుపు. అందరూ తిరిగారు. ఆ చేపెల్ మొత్తంలో గిన్నె ఎత్తి పోసుకునే మనిషి ఎవరై ఉంటారో మా ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఆయనా తిరిగారు. నన్ను చూశారు.

ఎవ్వరూ నవ్వలేదు. లొరెట్టా గారు ఆ బండి నెట్టుకుంటూ అంత దూరం నడిచి వచ్చి, సంచిలోంచి న్యాప్‌కిన్ తీసి నా చేతికిచ్చి, అక్కడే నిలబడి అందరితో ఒక మాట చెప్పారు. "మా అమ్మ ఈ సెమినరీ వంటింట్లో పని చేసింది. పండగ పండగకూ ఈ గిన్నె కడిగి పెట్టేది. ఆ రోజుల్లో మా వాళ్ళను దీన్లో తాగనిచ్చేవారు కాదు. అందుకే ఇది ఎవరి దగ్గరా ఆగకుండా చూడ్డం నేను నా పనిగా పెట్టుకున్నాను." అంత నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పారు.

మా నాయనమ్మ గుర్తొచ్చింది సహోదరులారా. మీలో చాలామందికి ఇలాంటి నాయనమ్మలే ఉండేవారు, విడమర్చి చెప్పక్కర్లేదు. ఆవిడకు ఊళ్ళో దాహమేస్తే చెంబు చేతికిచ్చేవారు కాదు, దూరంగా నిలబెట్టి, పైనుంచి దోసిట్లోకి పోసేవారు. పెదవి తగలకూడదని! ఆ మాట చెప్పేటప్పుడల్లా ఆవిడ రెండు చేతులూ దోసిలి పట్టి చూపించేది. అలాంటి ఆవిడ మనవరాల్ని, లొరెట్టా గారి పెదవి తగిలిన గిన్నెను నేను ఎత్తి పోసుకున్నాను. కుర్తా మీద నీళ్ళు చల్లగా ఉన్నాయి, ముఖం మాత్రం మండిపోయింది.

అప్పుడు మా ఆయన లేచి నిలబడ్డారు. సాక్ష్యాల సమయం అదే. ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఆగి, నా వైపు తిరిగి, ఆ జనం అందరి ముందూ తెలుగులోకి మారిపోయారు.

"విమలా, ఇది వీళ్ళకి ఎప్పుడో చెప్పేశాను, నీకే చెప్పలేదు. తమ్ముడు పోయిన కాణ్ణుంచీ నాకు ప్రార్థన రావట్లేదు. కళ్ళు మూసుకుంటే ఆ ఫోన్‌లో వాడి ఊపిరే వినపడుతోంది. నువ్వు లేస్తావురా అని వాడికి మాటిచ్చింది దేవుడు కాదు, నేను. వాడు నన్నే నమ్మాడు. ఇక్కడికి సేవ నేర్చుకోడానికి రాలేదు విమలా, ఆయన ఉన్నాడో లేడో కనుక్కుందామని వచ్చాను. అందరూ అయ్యగారూ అంటుంటే చచ్చిపోతున్నాను. అబద్ధంగా ముట్టుకోలేక బల్ల వదిలేశాను. నీతో చెప్తే ఏం చేస్తావో నాకు తెలుసు. వెంటనే నా తల మీద చెయ్యేసి ప్రార్థన మొదలెడతావు. అది తట్టుకోలేక చెప్పలేదు."

నిజం చెప్పనా! ఆయన ఆ మాట అంటుండగానే నా కుడిచెయ్యి సగం లేచింది. నోట్లో "ప్రభువా" కూడా సిద్ధంగా ఉంది. ఆ చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద ప్రార్థన అదేనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ చేపెల్‌లో ఒక్కరికీ తెలుగు రాదు, అయినా ఎవరూ కదల్లేదు. వాళ్ళు ఆ మాటలన్నీ అంతకుముందే విన్నారు, విని నెలల తరబడి మోశారు, బయట ఒక్కరితో అనలేదు, ఆయన్ను సరిచెయ్యబోలేదు, గురువారం పొద్దుటి ఆ చిన్న మీటింగ్‌లో వారం వారం అదే ప్రశ్న అడిగి, అదే జవాబు విని, నీళ్ళ గిన్నె ఇచ్చారు. నేను దుర్బోధ అనుకున్నది అదీ! లొరెట్టా గారు నా వైపు తిరిగి అడిగారు. "అమ్మా, నీ ఆత్మ ఎలా ఉంది?"

కాన్ఫరెన్స్ కాల్‌లో అరగంట ఆగకుండా ప్రార్థించేదాన్ని, ఆ ప్రశ్నకు ఒక్క వాక్యం దొరకలేదు. చివరికి, "ఐ సస్పెక్టెడ్ ఎవ్రీబడీ. యూ ఆల్సో," అన్నాను.

"అయితే బాగా దాహమేసి ఉంటుంది," అన్నారావిడ. గిన్నె మళ్ళీ నింపి మా ఆయన చేతికిచ్చారు. ఆయన నా దాకా నడిచి వచ్చి ఒక పిడి తాను పట్టుకుని రెండోది నాకిచ్చారు. ఈసారి ఎత్తలేదు. అందరూ తాగిన అంచుకే నోరు పెట్టి తాగాను, ఏడుస్తూనే తాగాను. దేవునికే మహిమ!

ఇక్కడితో అంతా బాగైపోయిందని చెప్తే మీకు సంతోషంగా ఉంటుంది గాని నేను టెస్టర్‌ని, బాగవ్వనిదాన్ని బాగైందని చెప్పలేను. ఇంటికి వచ్చాక నాకు కోపమొచ్చింది, ఇన్నాళ్ళు కాపురం చేసిన దాన్ని నన్ను వదిలి ఊరివాళ్ళతో చెప్పుకున్నారా అని రెండు రోజులు మాట్లాడలేదు. ఆ కోపంలో న్యాయం ఉంది, ఆయనా ఒప్పుకున్నారు. ఆయన ఏదో దాచారన్న నా అనుమానం అబద్ధం కాదు. కాకపోతే పాపం కోసం తవ్వాను, దుఃఖం బయటపడింది. శనివారం పెద్దలు వచ్చారు. మా ఆయన వాళ్ళతోనూ ఉన్నదున్నట్టు చెప్పారు. శామ్యూల్ గారు టీ తాగి లేచి వెళ్ళారు. ఆయనకు మా మీద, ఆ సెమినరీ మీద ఇంకా అనుమానమే. ఉండనివ్వండి, నేనేమీ అనను, ఆ జబ్బు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నేను చేసిందల్లా ఒక్కటే. ఇంట్లో నా గొంతు తగ్గించాను. అన్నానికి కూర్చుంటే నేను ప్రార్థన మొదలుపెట్టడం మానేసి ఆయన చెయ్యి పట్టుకుని ఊరికే ఉండేదాన్ని. అన్నం చల్లారిపోయేది. నాకది ఎంత కష్టమో దేవుడికే తెలుసు! అలా చాలా రోజులు గడిచాక, మొన్న ఒక సాయంత్రం, ముద్దపప్పూ ఆవకాయా వడ్డించి కూర్చున్నాం, ఎప్పటిలా మౌనంగా ఉన్నాం, ఉన్నట్టుండి మా ఆయన గొంతు వినపడింది. "ప్రభువా, నువ్వుంటే, ఈ అన్నానికి వందనాలు. ఆమెన్."

నువ్వుంటే! ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది, పాత విమల అయితే అక్కడే పట్టుకుని, ఉంటే ఏమిటండీ, ఉన్నాడు అని వాక్యం మీద వాక్యం చెప్పేది. నేను ఆమెన్ అన్నాను. గట్టిగానే అన్నాను. తమ్ముడు పోయాక ఆయన నోటి వెంట వచ్చిన మొదటి ప్రార్థన అది, దానికి ఆమెన్ చెప్పే భాగ్యం దేవుడు నాకిచ్చాడు. హల్లెలూయా!

ఈ సాక్ష్యం చెప్పమన్నది ఆయనే. ఎవరో ఒక సహోదరుడు అనకు, నా పేరుతోనే చెప్పు అన్నారు. ఇక నేను బల్లకు ముందే ఎందుకు మాట్లాడాలన్నానో వినండి. ఇంకాసేపట్లో పళ్ళెం వస్తుంది, మా వరసకు వస్తుంది, ఆయన చేతికి వస్తుంది. తీసుకుంటారో, దాటిస్తారో నాకు తెలియదు. నేను అడగలేదు. నేను చూడను. పోయిన వేసవి నుంచీ ప్రతి మొదటి ఆదివారం నా తల అటే తిరిగి ఉండేది, ఆ తలను నా ప్రభువు ఇటు తిప్పాడు, నా విడుదల అదే. మీరూ చూడకండి, దయచేసి దగ్గకండి. ఆ పళ్ళెం సంగతి ఆయనకూ ఆయన పరలోక తండ్రికీ మధ్య. అది అక్కడ భద్రంగా ఉంటుందని నేను నమ్మాను, మీరూ నమ్మండి.

ఈ వరసల్లో ఇంకెవరైనా, అందరితో పాటు గిన్నె తీసుకుంటూనే లోపల ఎండిపోయినవాళ్ళుంటే, అబద్ధంగా ముట్టుకోలేక అల్లాడుతున్నవాళ్ళుంటే, కింద హాల్లో టీ ఫ్లాస్కుల పక్కన రెండు పిడుల గిన్నెలో నీళ్ళు పెట్టాను. ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో కొన్న స్టీలు గిన్నె, ఆ పాత గిన్నె అందం దీనికి లేదు. అక్కడికి రండి. రెండో పిడి నేను పట్టుకుంటాను. మీ ఆత్మ ఎలా ఉందని ఒక్కసారి అడుగుతాను, మీరు ఏం చెప్పినా నా చేతులు ఒళ్ళోనే ఉంటాయి, శుక్రవారం కాల్‌లో ఆ మాట రాదు.

ఎండినవాళ్ళను దారిలోనే ఆపి నీళ్ళిచ్చిన దేవునికి మహిమ. పాస్టర్ గారూ, పళ్ళెం పంపండి. నేను వెళ్ళి మా ఆయన పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంటాను.